తుంగ కాపురం పెట్టిన మడుగు

అనగనగా మంచు కురిసే దేశంలో ఒక అడవి. ఆ అడవి నడుమ ఒక పెద్ద మడుగు. మడుగు చుట్టూ మెత్తటి బురద ఒడ్డు. కాలు పెడితే దిగబడిపోయేది. మీరైతే "ఛీ, బురద" అని ముక్కు మూసుకుంటారు. కానీ ఆ బురదనే నమ్ముకుని నూకాలు అనే ఉల్లంకి పిట్ట బతికేది. పొడుగాటి ముక్కును బురదలో గుచ్చి, లోపలున్న ఎర్రల్ని లాక్కుని తినేది. గట్టి నేలలో ఆ ముక్కు దిగదు. బురద ఉంటేనే దానికి తిండి, దాని పిల్లలకి తిండి.

నూకాలుకి ప్రాణస్నేహితురాలు గవరమ్మ అనే నీటికోడి. గవరమ్మ చాలా మంచిది. ఎంత మంచిదంటే, ఎవరినీ ఏమీ అనలేకపోయేది. అదే దాని జబ్బు.

ఆ మడుగుకి ఒక కట్టుబాటు ఉండేది. చలికాలంలో వేడి దేశాలకు పోయిన పిట్టలు మంచు కరగగానే తిరిగొస్తాయి కదా. అవి నేరుగా మడుగులో దిగకూడదు. ముందు మడుగు నుంచి కిందికి పారే రాళ్ళ వాగులో కాళ్ళు కడుక్కోవాలి. కాళ్ళ బురదలో ఏ దేశపు విత్తనం అంటుకొస్తుందో ఎవరికి తెలుసు? వాగు నీళ్ళు వెనక్కి రావు. అక్కడ కడిగింది అట్నుంచటే సముద్రంలోకి పోతుంది. వాగు దగ్గర నిలబడి "కాళ్ళు కడుక్కు రండి" అని చెప్పడం గవరమ్మ పని. అంతకుముందు వాళ్ళ అమ్మ చెప్పేది. అమ్మకి ముందు అమ్మమ్మ చెప్పేది.

ఒక ఏడు అప్పలసామి అనే బాతు వచ్చాడు. పెద్దవాడు. నాలుగు దేశాలు తిరిగినవాడు. గవరమ్మకి వరసకి అన్న. రెక్కలు వేలాడేసుకుని వాగు పక్కన వాలాడు. కాళ్ళ నిండా ఎండిన మట్టి.

"బాగున్నావా చెల్లెమ్మా?" అన్నాడు.

"బాగున్నాను అన్నయ్యగారూ. ప్రయాణం బాగా జరిగిందా?"

"ఏం ప్రయాణంలే. ఒళ్ళు హూనమైపోయింది. కాస్త నడుం వాలిస్తే గానీ మనిషిని కాను." బాతే, అయినా అలాగే అన్నాడు.

గవరమ్మకి మాట నోటిదాకా వచ్చింది. కానీ ఇంత పెద్దవాడు, ఇంత దూరం నుంచి వచ్చాడు. గుమ్మంలోనే ఆపి కాళ్ళు కడుక్కోమంటే ఏమనుకుంటాడో. ఈ ఒక్కసారికి ఏం మునిగిపోతుందిలే అనుకుంది.

"ముందు పడుకోండి అన్నయ్యగారూ, మాటలు తర్వాత" అంది. అప్పలసామి ఆ కాళ్ళతోనే నడిచి వెళ్ళి బురద ఒడ్డున కూలబడ్డాడు.

నెల తిరక్కుండా అక్కడ పచ్చటి మొక్క ఒకటి లేచింది. కాడకి మూడు పలకలు. తల మీద గోధుమరంగు పూత. అప్పలసామి చూసి మురిసిపోయాడు. "ఇది నేను చలికాలం గడిపే ఊళ్ళో తుంగ. నా వెంటే ఇక్కడిదాకా వచ్చేసింది చూశావా" అన్నాడు.

మడుగులో పైడన్న అని ఒక ముసలి నీటికుక్క ఉండేవాడు. మొహం చూసి మాట్లాడే రకం కాదు. నేరుగా గవరమ్మ దగ్గరికి వచ్చాడు.

"ఒక్క మొక్కే కదా. ఇప్పుడే పీకెయ్యి" అన్నాడు.

"పీకుదును బాబాయ్. కానీ అన్నయ్యగారు దాని పక్కనే పడుకుంటున్నారు. ఆయన కళ్ళముందే పీకితే ఏం బాగుంటుంది?"

"ఆయనకి బాగుండకపోతే మానె. మడుగు బాగుండాలి" అని గొణుక్కుంటూ పైడన్న నీళ్ళలోకి పోయాడు. గవరమ్మ పనిలో తనెందుకు తలదూర్చాలని ఆయనా ఊరుకున్నాడు.

రెండో ఏడు ఒడ్డున సగం దాకా తుంగే. ఈసారి నూకాలే వచ్చింది. చాలాసేపు ఆ మాటా ఈ మాటా మాట్లాడింది. అప్పుడు మెల్లగా అంది.

"వదినా, ఏమీ అనుకోకు. తుంగ ఉన్నచోట నా ముక్కు దిగడం లేదు. కింద వేళ్ళు చాప అల్లినట్టు అల్లుకుపోయాయి."

"నాకు తెలుసు వదినా. అన్నయ్యగారు ఇలా వెళ్ళగానే అలా పీకేస్తాను. నామీద ఒట్టు" అంది గవరమ్మ. నూకాలు సరేనని వెళ్ళిపోయింది. అదీ మొహమాటస్తురాలే మరి.

గవరమ్మ మాట తప్పలేదు. బాతు వెళ్ళిన మర్నాడే ముక్కుతో పట్టి లాగింది. కాడలు తెగి వచ్చేశాయి. ఒడ్డు శుభ్రంగా కనపడింది. అమ్మయ్య అనుకుంది. కింద గడ్డలుంటాయని దానికి తెలీదు. గది ఊడవమంటే మీరు చెత్త మంచం కిందికి తోసేస్తారే, అదీ అంతే.

మూడో ఏడు మంచు కరిగేసరికి ఒడ్డంతా తుంగ. పైడన్న తవ్వాడు. కప్పలు లాగాయి. ఒకటి పీకితే పది లేచాయి. గవరమ్మకి ఏడుపొచ్చేసింది.

"నీకు జాలి లేదా? ఎక్కడో ఒకచోట ఆగకూడదా?" అని తుంగనే అడిగింది.

"నాకు పెరగడం ఒక్కటే తెలుసు. ఆగమని ఇక్కడ నాకెవరూ చెప్పలేదు" అంది తుంగ.

అప్పుడు గవరమ్మ సిగ్గు విడిచి బాతు దగ్గరికి వెళ్ళింది. "అన్నయ్యగారూ, ఆ వేడి ఊళ్ళో కూడా తుంగ ఇలాగే కమ్ముకుంటుందా?"

"అబ్బే, అక్కడ పందులు గడ్డలు తవ్వుకు తింటాయి. గేదెలు పైన మేసేస్తాయి. రైతులు కలుపు తీస్తారు. ఇక్కడ దాన్ని ముట్టుకునేవాడే లేడు. మొదటేడే గడ్డతో సహా తీసెయ్యాల్సింది."

"మరి మీరు చెప్పలేదే?"

"నువ్వు అడగలేదు కదమ్మా. వాగు దగ్గర కాళ్ళు కడుక్కోమన్నా కడుక్కునేవాణ్ణి. నాలుగు దేశాలు తిరిగినవాణ్ణి, ఒక్కోచోట ఒక్కో పద్ధతి ఉంటుందని నాకు తెలీదా? నేనేమనుకుంటాను?"

గవరమ్మకి తల కొట్టేసినట్టయింది. ఏమనుకుంటాడో అని మూడేళ్ళు నోరు నొక్కుకుంది. ఆయన ఏమీ అనుకునేవాడే కాదట.

ఆ ఏడు నూకాలు నాలుగు పిల్లల్ని చేసింది. రెండు ఆకలికి తట్టుకోలేక చనిపోయాయి. మిగిలిన రెండింటికీ రెక్కలు రాగానే నూకాలు వచ్చి గవరమ్మ ముందు నిలబడింది.

"వెళ్ళొస్తాను వదినా" అంది.

"నామీద కోపమా?"

"కోపమైతే నాలుగు రోజులకి తీరిపోయేది. ఇది ఆకలి కదా వదినా."

"ఎక్కడికి వెళ్తావు?"

"బురద ఎక్కడ కనపడితే అక్కడికి." అంతే, పిల్లల్ని వెంటేసుకుని ఎగిరిపోయింది. మళ్ళీ రాలేదు.

గవరమ్మ ఆ తర్వాత కూడా రోజూ కాస్త తుంగ పీకుతూనే ఉంది. ఈలోగా దానికీ పిల్లలు పుట్టాయి. తుంగలోనే పుట్టాయి. గద్ద వస్తే తుంగలో దాక్కునేవి. ఆకలేస్తే తుంగ గింజలు ఏరుకు తినేవి. ఒకరోజు చిన్నపిల్ల వచ్చి అమ్మ పక్కన నిలబడింది.

"అమ్మా, మన తుంగని ఎందుకు పీకుతున్నావు?"

"అది మనది కాదమ్మా. ఇక్కడంతా బురద ఒడ్డు ఉండేది. మీ నూకాలత్త ఇక్కడే ఉండేది."

"నూకాలత్త అంటే ఎవరు?" అంది పిల్ల.

నూకాలు ఎక్కడ నిలబడి ఎర్రల్ని తీసుకునేదో చూపిద్దామని గవరమ్మ ఒడ్డు పొడుగునా నడిచింది. పిల్ల వెనకే వచ్చింది. చివరిదాకా వెళ్ళినా, ఇదీ అని చూపించడానికి అడుగు బురద కూడా మిగల్లేదు.

నీతి: ఎదుటివాళ్ళు ఏమనుకుంటారోనని చెప్పాల్సిన మాటను మింగేస్తే, ఆ నష్టం ముందు తగిలేది మనల్ని నమ్ముకున్నవాళ్ళకే.