సువర్చల కట్టిన మేళం

సువర్చల వీణకు కట్టిన మేళం తప్పింది. అది చిన్న తప్పు. మైనం వేడి చేస్తే సర్దుకునేది. కానీ తప్పుగా పలుకుతోందని చెప్పిన పిల్లతో, తప్పు నీ చెవిలో ఉందని అంది. అది పెద్దది.

ఆ పిల్ల పేరు నూకరత్నం. పద్నాలుగేళ్లది. ఆ మాట విన్న కొన్నాళ్లకు వీణకు గలీబు తొడిగి గది మూల పెట్టేసింది.

సువర్చల విజయనగరంలో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్సు చెప్పేది. సాయంత్రాలు వరహాలమ్మగారి దగ్గర వీణ నేర్చుకునేది. వరహాలమ్మగారికి డెబ్బై దాటాయి. వేళ్లు వణుకుతున్నాయని కచేరీలు మానేసి, ఇంటి ముందు గదిలో చాపలు పరిచి పిల్లలకు పాఠం చెప్పేవారు.

ఆ పిల్లలకు సువర్చలంటే సరదా. పాఠం కాగానే ఆమె చుట్టూ మూగేవాళ్లు.

"అక్కగారూ, పాలు పొంగుతాయి కదండీ, నీళ్లెందుకు పొంగవు?"

"మీగడ వల్ల. ఆవిరి దాని కింద ఇరుక్కుని పైకి తోస్తుంది."

"మరి బిందెలో నీళ్లు పడతంటే..."

"చప్పుడు ఎందుకు సన్నబడుతుందనా? నీళ్లు పెరిగినకొద్దీ లోపల గాలికి చోటు తగ్గుతుంది. పొట్టి గొట్టం ఊదితే సన్నగా పలకదూ? ఇదీ అంతే."

"అది కాదండి. బిందెలో నీళ్లు పడతంటే మా తమ్ముడికి ఉచ్చొచ్చెస్తాది. ఎందుకని?"

పిల్లలంతా గొల్లున నవ్వారు. వరహాలమ్మగారు కూడా నవ్వారు.

"అడక్కముందే వడ్డిస్తే ఇంతే మరి," అన్నారు.

సువర్చల కూడా నవ్వింది. దానికీ ఏదో ఒక జవాబు చెప్పింది.

ఆ వేసవిలో నూకరత్నం వాళ్ల బంధువుల పెళ్లిలో వాయించి వచ్చింది. వచ్చేటప్పుడు మేనమామ వీణను బస్సు టాపు మీద వేయించాడు. మధ్యాహ్నపు ఎండ. వీణ మెట్లు మైనంలో నాటుకుని ఉంటాయి. మైనం మెత్తబడింది. ఇల్లు చేరేసరికి మెట్లు ఒకటి అటూ ఒకటి ఇటూ ఒరిగిపోయి ఉన్నాయి.

అలాంటప్పుడు పాత మైనం గీకేసి, కొత్తది పోసి, ఒక్కో మెట్టునూ దాని స్వరం పలికే చోట నిలబెట్టాలి. దాన్నే మేళం కట్టడం అంటారు. ఊళ్లో ఆ పని చేసే అప్పన్నాచారి అప్పటికే చెయ్యి విరిగి కట్టుతో ఉన్నాడు. రేడియో వాళ్ల పరీక్ష నెలలోకి వచ్చేసింది. నూకరత్నం తండ్రి బస్సు కండక్టరు. ఈసారి పరీక్ష నెగ్గితే సరే, లేకపోతే వీణ కట్టిపెట్టి టైపు నేర్చుకోవాలని ఇంట్లో ముందే అనుకున్నారు.

"నేను కడతానండీ," అంది సువర్చల.

"నీకు వచ్చా?"

"లెక్క వచ్చు. తీగ పొడవులో ఏ స్వరానికి ఎంత భాగమో లెక్క ఉంది. సగానికి తగ్గిస్తే పై షడ్జమం. మిగతావి ఆ లోపలే కదా."

వరహాలమ్మగారు ఒరిగిన మెట్టునొకదాన్ని వేలితో కదిపి చూశారు.

"సరే, కట్టు. వినడానికి పక్కన ఎవరిని కూర్చోబెట్టుకుంటావు?"

"స్కేలు ఉందిగా."

ఆ మర్నాడే వరహాలమ్మగారు మనవరాలి పురుడుకని శ్రీకాకుళం వెళ్లారు.

సువర్చల శ్రద్ధగానే చేసింది. కాలేజీ నుంచి స్టీలు స్కేలూ కాలిక్యులేటరూ తెచ్చుకుంది. తీగ ఒక చివర కుండ మీది గుర్రం మీదా, రెండో చివర మెడ దగ్గరి మేరువు మీదా ఆని ఉంటుంది. ఆ రెంటి మధ్య కొలిచి, ఒక్కో మెట్టు చోటునూ పెన్సిలుతో గీసింది. మైనంలో గుగ్గిలమూ బొగ్గుపొడీ కలిపి పోసింది. మెట్లు పలువరసలా నిలబడ్డాయి. చూడడానికి అప్పన్నాచారి కట్టినదానికన్నా అందంగా ఉంది.

నూకరత్నం ముచ్చటపడి వాయించింది. కాసేపటికి ఆగింది.

"అక్కగారూ, పైకెళ్తంటే ఎక్కువైపోతందండి."

"ఏది?"

"అన్నీని. పై సా మరీని."

సువర్చల మళ్లీ స్కేలు ఆనించి చూపించింది. "చూడు. తీగకు సరిగ్గా సగం. వెంట్రుకవాసి తేడా లేదు."

"ఇనడానికి మాత్రం..."

"ఇన్నాళ్లూ పాత మేళానికి అలవాటు పడ్డావు. చెవి మోసం చేస్తుంది నూకా. స్కేలు చెయ్యదు. చెవిని సరిచేసుకో."

నూకరత్నం మాట వినే పిల్ల. సరిచేసుకోవడానికే చూసింది.

వరహాలమ్మగారు ఊరి నుంచి వచ్చేసరికి ఆ పిల్ల పాఠానికి రావడం మానేసింది. మర్నాడు వాళ్లమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"మా పిల్లకి చెవి లేదంట కదండమ్మా," అంది. "పొద్దస్తమానం ఒక్క సా కాడే కూకునీది. ఏటే అంటే, నాకు తప్పినిపిస్తంది, అదే ఒప్పంట, అనీది. ఇప్పుడు వీణ ముట్టుకోదు, గొంతెత్తి పాడదు. పరీక్షకి ఎల్నంటంది. వాళ్ల నాన్న టైపు ఇనిస్టూట్లో కనుక్కొచ్చీసినారు."

"చెవి లేదని ఎవరన్నారు?"

"టీచరమ్మగారే అన్నారంట."

సువర్చల ఆ గదిలోనే ఉంది. "లేదని అనలేదు," అంది. "సరిచేసుకోమన్నాను."

"మా కాడ రెండూ ఒకటేనండి," అంది తల్లి.

వరహాలమ్మగారు, "రేపు పొద్దున్న పిల్లనీ వీణనీ తీసుకురా," అన్నారు. "టైపు ఎక్కడికీ పోదు."

ఆ మనిషి వెళ్లాక సువర్చల గురువుగారి ముందు కూర్చుంది.

"ఒకటికి మూడుసార్లు కొలిచానండీ. లెక్కలో తప్పు లేదు. లెక్క తప్పు కాకపోతే పిల్ల విన్నది తప్పు కావాలి. అంతకు మించి మూడోది ఏముంటుంది?"

"కాఫీ తాగుతావా?" అని ఆవిడ లోపలికి వెళ్లారు.

మర్నాడు పొద్దున్నే తల్లీ కూతురూ వచ్చారు. నూకరత్నం తల ఎత్తలేదు. వరహాలమ్మగారు ఆ పిల్లను గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. వీణను శ్రుతి చేయించి సువర్చలకు ఇచ్చారు.

"ఒట్టి తీగ మీటు."

సువర్చల మీటింది.

"అది సా. విన్నావా నూకా? సువర్చలా, పన్నెండో మెట్టు తీగకు సరిగ్గా సగంలో పెట్టానన్నావు కదూ. ఆ మెట్టుకు పైన తీగ మీద వేలు ఆనించు. ఒత్తకు. ఈగ వాలినట్టు ఉండాలి. మీటగానే తీసెయ్."

సువర్చల అలాగే చేసింది. తీగ సన్నగా, గంటలా మోగింది.

"ఎలా ఉందే?"

నూకరత్నం వెనక్కి తిరిగి సువర్చల ముఖంలోకి చూసింది.

"అటు తిరుగు," అన్నారు వరహాలమ్మగారు. "గోడ దగ్గర మొహమాటం అక్కర్లేదు."

పిల్ల గోడవైపు తిరిగింది. "సరిగ్గా ఉందండి."

"ఇప్పుడు అక్కడే మెట్టు మీదకి ఒత్తి మీటు."

సువర్చల ఒత్తి మీటింది. నూకరత్నం వేలితో చాప అంచు గిల్లుతోంది. తల్లి చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చూస్తోంది.

"చెప్పవే."

"ఎక్కువండి," అంది పిల్ల, గోడతో చెప్పినట్టు. "కూసింత."

"మళ్లీ మీటు," అన్నారు వరహాలమ్మగారు. ఏది ముందో, ఏది వెనకో చెప్పలేదు.

సువర్చల లాబులో పెరిగిన మనిషి. ఒకసారి ఒత్తి, ఒకసారి ఆనించి చేస్తే పిల్ల వరస కనిపెట్టేస్తుందని ఆమెకు తెలుసు. ఆనించి మీటింది. మళ్లీ ఆనించే మీటింది. తర్వాత ఒత్తింది.

"సరి," అంది నూకరత్నం. "సరి. ఎక్కువ."

రెండుసార్లు ఒత్తింది.

"ఎక్కువ. ఎక్కువే."

పిల్ల గొంతు ఒక్కో మాటకూ గట్టిపడింది. ఇంకాసేపటికి తీగ మోగీ మోగకముందే చెప్పేస్తోంది. అప్పటికి సువర్చలకు కూడా వినిపించడం మొదలైంది. మొదటి నుంచీ వినిపిస్తూనే ఉందేమో. ఇంతవరకూ స్కేలు వంక చూస్తూ విన్నది.

ఆమె వీణ మీద చెయ్యి ఆపింది.

"చోటు అదేనండీ. సగమే. కొలత మారలేదు."

"మారలేదు."

"మరి?"

"లెక్క తప్పు కాదే," అన్నారు వరహాలమ్మగారు. "లెక్కలో నీ వేలు లేదు."

సువర్చల తల వంచుకుని, ఈసారి మీటకుండా, తీగను మెల్లగా ఒత్తింది. తీగ మెట్టు దాకా దిగింది. దిగినకొద్దీ వేలి కింద బిగిసింది. వదిలింది. మళ్లీ ఒత్తింది. వేలి కొస మీద సన్నటి గీత పడింది.

గుమ్మం దగ్గర నుంచి తల్లి అడిగింది. "ఐతే, మా పిల్లకి చెవి ఉన్నట్టేనాండి?"

"ఉంది," అంది సువర్చల. గురువుగారు నోరు తెరవకముందే చెప్పింది. తర్వాత నూకరత్నం ముందుకు వెళ్లి కూర్చుని, "నువ్వు విన్నదే సరి. నేనే తప్పు కట్టాను," అంది.

"పర్లేదండక్కగారూ," అంది నూకరత్నం. "చూడ్డానికి బావుంది."

వరహాలమ్మగారు పమిట చెంగుతో నవ్వు దాచుకున్నారు.

ఆ మధ్యాహ్నమే మైనం వేడి చేశారు. సువర్చల మెట్టును మేరువు వైపు కొద్దికొద్దిగా జరిపి, ఒత్తి మీటేది. నూకరత్నం గోడవైపు తిరిగి చెప్పేది.

"ఇంకా ఎక్కువేనండి. ఇంకా. ఇంకొంచెం. సరి. అయ్యో, దాటేసినారు! ఆగమన్నానా?"

"ఎప్పుడన్నావే?"

"సరి అంటే ఆగమనే కదండీ!"

సాయంత్రానికి పని అయింది. మెట్లు చాలావరకు పెన్సిలు గీతలు వదిలి పక్కకు జరిగాయి. కొన్నిటి మధ్య ఎడం కంటికి కుదురుగా లేదు. నూకరత్నం వీణ ఒళ్లో పెట్టుకుని, కింది నుంచి పై దాకా ఒకసారి వాయించి, గొంతు కలిపి పాడింది. తల్లి ఇంటికి వెళ్లి వంట చూసుకోవాలని గుర్తు చేసుకుని లేచింది.

పరీక్షకు నూకరత్నం వెళ్లింది. నెగ్గింది. తాళం ఒకచోట తడబడిందని రాశారుట. శ్రుతి గురించి ఎవరూ ఏమీ అనలేదు.

సువర్చల లెక్కను వదల్లేదు. ఒత్తినప్పుడు తీగ ఎంత సాగుతుందో, ఎంత బిగుస్తుందో కలిపి మళ్లీ వేసింది. కొత్త అంకెలు నూకరత్నం ఆపమన్న చోట్లకు దాదాపుగా వచ్చాయి. ఆ కాగితం తీసుకెళ్లి గురువుగారికి చూపించింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఓపిగ్గా చూశారు.

"దాదాపుగా అంటే? పూర్తిగా ఎందుకు రాలేదు?"

"తెలీదండీ. చూడాలి."

"చూసి చెప్పు. నాకూ తెలుసుకోవాలని ఉంది," అన్నారు వరహాలమ్మగారు.

ఆ వేసవిలోనే సువర్చల తనకు తాను ఒక నియమం పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. పిల్లలు ప్రశ్న అడిగినా, కాలేజీ లాబులో ఒక అమ్మాయి తెచ్చిన అంకె పుస్తకంలో అంకెతో కలవకపోయినా, తనకు తెలిసింది ముందు చెప్పడం మానేసింది. "నువ్వేం చూశావు? నీకేం వినిపించింది? మొదట అది చెప్పు," అనేది. వాళ్లు చెప్పడం అయ్యేదాకా ఆగేది.

అక్కగారు ఇదివరకటిలా టకటకా చెప్పడం లేదని పిల్లలు కొన్నాళ్లు సణిగారు. ఆవిడ లాబు ఎప్పుడూ గంట కొట్టాక కూడా నడుస్తూనే ఉంటుందని తోటి లెక్చరర్లు ప్రిన్సిపాలుకు చెప్పారు. ప్రిన్సిపాలు పిలిచి అడిగితే, "అవునండీ, ఆలస్యమవుతుంది," అని ఒప్పుకుని వచ్చి, మర్నాడు మళ్లీ అలాగే చేసింది. రిటైరయ్యేదాకా అలాగే చేసింది.