గంగులు ఇంట్లో పోసిన గంట

లోకంలో ఉన్న తెలివిని నాలుగు వంతులు చేస్తే మూడు వంతులు తన దగ్గరే ఉన్నాయని గంగులు నమ్మకం. ఆ మిగిలిన వంతు తన పుట్టింటి నుంచి తమ్ముడు పట్టుకొచ్చాడని అతని భార్య పైడమ్మ నమ్మకం. ఆ తమ్ముడు సూరన్న అక్క ఇంట్లోనే ఉంటూ, "మనం లేకపోతే ఈ ఊరు ఏమైపోయేదో బావా!" అని రోజూ ఊరి మీద జాలిపడేవాడు.

ఆ ఏడు వాళ్ళ వేరుశనగ చేను విరగకాసింది. ఏడాది తిండంతా అందులోనే ఉంది. కోతులు వస్తే గంట కొట్టి తరిమేవాళ్ళు. ఒకరోజు గంట మీద ఈగ వాలింది. సూరన్న ఆ ఈగను రోకలితో కొట్టాడు. ఈగ ఎగిరిపోయింది, గంట పగిలిపోయింది.

బావా బావమరిదీ కంచరి అప్పలాచారి దగ్గరికి పరిగెత్తారు.

"రాగి మెత్తన నాయనా. గిన్నెలకు కళాయి పూస్తామే, ఆ తగరం ఇంకా మెత్తన. రెండూ కలిస్తే మాత్రం కంచు అవుతుంది. గట్టిగా ఉంటుంది, గణగణ మోగుతుంది. రాగీ తగరం తెచ్చివ్వండి, నేను పోసిపెడతాను" అన్నాడు ఆచారి.

"కలపడానికి ఆయనెందుకు బావా? మజ్జిగలో ఉప్పు మనమే కలుపుకోవడం లేదూ?" అన్నాడు సూరన్న దారిలో.

అంతే. రాగి చెంబులో తగరం ముక్క వేసి గరిటెతో తిప్పడం మొదలుపెట్టారు. పొద్దు వాలేదాకా తిప్పారు. పైడమ్మ గరిటె నాకి చూసి, "ఇంకా కలవలేదయ్యా" అంది.

మళ్ళీ ఆచారి దగ్గరికి వెళ్ళారు. ఆయన తల పట్టుకున్నాడు. "కరిగించాలయ్యా! రెండూ కరిగి ఒకటైపోవాలి. దానికి కొలిమి వేడి కావాలి. దయచేసి నాకివ్వండి."

"మా ఇంట్లో మాత్రం నిప్పు లేదా?" అన్నాడు గంగులు రోషంగా.

ఇంకేముంది, మట్టి మూకుడులో చెంబూ తగరం పెట్టి వంటపొయ్యి ఎక్కించారు. తగరం చిటికెలో కరిగింది. చెంబు నల్లబడిందే గానీ కరగలేదు. పైడమ్మకు ఒళ్ళు మండింది. "సిగ్గులేదూ నీకు? నీలో సగం లేదు ఆ తగరం, ఎంత బుద్ధిగా కరిగిందో చూసి నేర్చుకో!" అంటూ చెంబును పటకారుతో ఒక్కటి వేసింది. మూకుడు పగిలి తగరమంతా బూడిదలో కలిసింది.

ఈలోగా కోతులు సగం చేను ఖాళీ చేశాయి. మిగిలింది ముగ్గురూ ఆదరాబాదరా పీకి ఇంటికి మోసుకొచ్చారు. కోతులు కూడా వెనకే వచ్చి పెరటిగోడ మీద వరసగా కూర్చున్నాయి.

"ఇవి కూడా పోతే ఏడాదంతా ఏం తింటామయ్యా?" అని పైడమ్మ ఏడ్చింది. పాపం, ఆ ఏడుపు మాత్రం నిజమైనదే. ఏడ్చి ఏడ్చి ఆకలేసింది. గుప్పెడు పల్లీలు వేయించి బెల్లం పాకంలో కలిపింది. చల్లారాక కొరికితే సూరన్న పన్ను కదిలింది.

"బావా!" అని ఎగిరి గంతేశాడు. "పాకం మెత్తన. పల్లీ మెత్తన. కలిస్తే ఎంత గట్టిగా ఉందో చూడు! ఆచారి చెప్పింది ఇదే కదా!"

"గట్టిదైతే మోగాలి కూడానూ!" అన్నాడు గంగులు.

అంతే. గింజ మిగలకుండా పల్లీలన్నీ ఒలిచారు, వేయించారు. ఇంట్లో బెల్లమంతా పాకం పట్టారు. బోర్లించిన బుట్ట మీద పోసి ఇంత గంట చేశారు. తాడు కట్టి జామచెట్టుకు వేలాడదీశారు. గంగులు రోకలి ఎత్తి బలంకొద్దీ కొట్టాడు.

టప్పుమంది. ఒక పెచ్చు ఊడి గోడ కింద పడింది.

ముసలి కోతి దిగి వచ్చి దాన్ని వాసన చూసింది, నోట్లో వేసుకుంది, వెనక్కి తిరిగి కిచకిచమంది. ఇంకేముంది, గోడ మీదవి దిగాయి, తోపులోవి వచ్చాయి, పక్కూరివి కూడా పిల్లల్ని చంకనేసుకుని వచ్చాయి. కాసేపటికి కొమ్మకు తాడు మాత్రం మిగిలింది.

పైడమ్మ తల బాదుకుంది. సూరన్న మాత్రం ఆనందం పట్టలేక గంగుల్ని కావలించుకున్నాడు.

"మన చెవులకు అందలేదు గానీ ఏం మోగింది బావా! పక్కూరి కోతులకు కూడా వినబడింది!"