పెన్న ఇసుక కప్పుకున్న సంగతి

ఒకప్పుడు పెన్నలో ఇసుక ఉండేది కాదు. గుప్పెడు కూడా లేదు. ఏరంతా నున్నటి బండలమీద పారేది. ఒడ్డున నిలబడి తొంగిచూస్తే అడుగున తిరిగే చేపల పొలుసులు కూడా కనిపించేవి.

ఆ ఏటి పక్కన ఒక కొండ ఉంది. కొండకు సగం ఎత్తులో ఓబన్న, తిప్పమ్మ అనే మొగుడూ పెళ్లాలు గుహ తొలుస్తున్నారు. వాళ్లు రాతిపనివాళ్లు. ఆ దారిన పోయే బాటసారులు ఎండకూ వానకూ తలదాచుకోవడానికి ఒక గది చెక్కిపెట్టమని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అడిగితే ఒప్పుకున్నారు.

ఓబన్న ఉలితో రాయి కొట్టేవాడు. తిప్పమ్మ రాతిపొడిని తట్టకెత్తి గుహ ముందు పోసేది. మూడేళ్లకు గుహ చిన్న గదంత అయింది. బయట పొడి మాత్రం గడ్డివామంత కుప్ప అయింది.

గుహలో కూర్చుంటే కింద పెన్న ఆ కొస నుంచి ఈ కొస దాకా కనిపించేది. అన్నం తినేటప్పుడు తిప్పమ్మ ఏటితో మాట్లాడేది.

"ఈపొద్దు ఏం వండినావు తిప్పమ్మా?" అని అడిగేది పెన్న.

"ఉలవచారు. నీకేం కావాలి, నీ పని నువ్వు చూసుకో," అనేది తిప్పమ్మ. ఇద్దరూ నవ్వుకునేవాళ్లు.

నాలుగో ఏడు వానలు రాలేదు. ఎండాకాలం మాత్రం తొందరగా వచ్చింది.

సూర్యుడికి ఎప్పుడూ దాహమే. మిగతా ఏళ్లలో ఆయన ఎంత తాగినా పెన్నలో ఇంకా నీళ్లుండేవి. ఆ ఏడు కూడా ఎప్పట్లాగే తాగాడు. పెన్న సన్నటి పాయ అయింది. పాయ తెగి మడుగులయింది. మడుగులు ఒక్కొక్కటే ఎండిపోయి, చివరికి కొండ కింద ఒకే ఒక్కటి మిగిలింది.

అప్పుడే ఓబన్న పాదం మీద రాయి పడింది. ఎముక విరిగింది. వేరే చోట నీళ్లు దొరకాలంటే మూడు రోజులు నడవాలి. అతను మూడడుగులు కూడా వేయలేడు.

"నువ్వు పో. నేనెట్లో ఉంటాలే," అన్నాడు ఓబన్న.

"ఆ మాట మళ్లీ అన్నావంటే రెండో కాలు నేనే విరగ్గొడతా," అంది తిప్పమ్మ. కుండ తీసుకుని కొండ దిగింది.

మడుగులో పెన్న గొంతు లోతునుంచి వచ్చినట్టు చిన్నగా వినిపించింది.

"తిప్పమ్మా, మధ్యాహ్నం దాకా కొండనీడ నన్ను కాపాడుతోంది. నీడ పోగానే ఆయన వచ్చేస్తాడు. ఈపొద్దు తాగింది పోగా రేపటికి కాసిని మిగులుతాయి. ఎల్లుండికి నేనుండను. నన్ను నీ గుహలో దాచుకోమ్మా."

తిప్పమ్మ తలెత్తి గుహ వైపు చూసింది. "మేమిద్దరం కాళ్లు చాపుకుంటేనే అది నిండిపోతాది. నువ్వు యాడ పడతావు తల్లీ?"



తిప్పమ్మ కుండ ముంచుకుని కొండెక్కింది. గుహ ముందుకు రాగానే కాలు జారింది. కుండ పగిలింది. నీళ్లన్నీ రాతిపొడి కుప్పలో ఇంకిపోయాయి. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని, ఇంకో చిన్న ముంత తీసుకుని మళ్లీ కిందికి దిగింది.

పొద్దుగూకే వేళ పెంకులు ఏరుతూ ఆమె కుప్పలో చెయ్యి పెట్టింది. పైన పొడి పెనంలా కాలుతోంది. చెయ్యి లోపలికి దిగేకొద్దీ చల్లగా తగిలింది. ఇంకా కింద తడి ఉంది.

"ఏమయ్యా! మధ్యాహ్నంనుంచీ ఎండ ఈ కుప్పమీదే ఉంది కదా. పొద్దున పోయిన నీళ్లు ఇంకా ఆరలేదే!" అని కేకేసింది.

ఓబన్న గుహలోంచే పలికాడు. "నెత్తిన రాయి ఉంది కాబట్టి మన గుహ సల్లగా ఉండాది. పొడి మాత్రం రాయి కాదా ఏంది?"

తిప్పమ్మ అతని మొహంలోకి చూసింది. ఇద్దరికీ ఒకటే ఆలోచన వచ్చింది.

మర్నాడు తెల్లవారగానే పని మొదలుపెట్టారు. ఓబన్న పాక్కుంటూ వచ్చి కుప్ప పక్కన కూర్చుని తట్ట నింపేవాడు. తిప్పమ్మ తట్ట నెత్తిన పెట్టుకుని దిగి, మడుగు మీద పోసి, పరుగున ఎక్కేది. పది తట్టలయ్యాయి. ఇరవై అయ్యాయి.

"అబ్బా, చీకటి! నాకు భయంగా ఉంది తిప్పమ్మా!" అంది పెన్న.

"మొదట్లో గుహలో నాకూ అట్లే ఉండేది. రెండు రోజులకు అలవాటైపోతాది. కదలకుండా ఉండు!"

కొండనీడ మడుగు అంచుకు వచ్చేసింది. ఆఖరి తట్ట పోసి, చేత్తో సర్ది, ఆమె ఒడ్డుకు చేరేసరికి నీడ పోయింది. సూర్యుడు వంగి చూశాడు. తెల్లటి పొడి తప్ప ఏమీ లేదు.

"పెన్న ఏది?" అని అడిగాడు. తిప్పమ్మ కొండెక్కి గుహలో కూర్చుంది. ఆయన కూడా కొండెక్కి గుహ ముందు నిలబడ్డాడు.

"నీ ఇంట్లో దాచినావా?"

"వచ్చి చూసుకో సామీ. నలుగురు కూర్చుంటే అయిదోవాడు బయట నిలబడాలి. ఇందులో ఏరు పడుతుందా?"

సూర్యుడు లోపలికి వచ్చాడు. మూలమూలా వెతికాడు. గుడ్డ చుట్టిన ఓబన్న పాదాన్ని చూశాడు. ఎండి పగిలిన అతని పెదాలను కూడా చూశాడు. ఈ ఇంట్లో నీళ్లుంటే ఈ మనిషి ఇలా ఉండడని నమ్మాడు.

"నిజమే, ఇక్కడ లేదు," అని దాహంతోనే పడమటికి వెళ్లిపోయాడు.

తిప్పమ్మ ముంత పట్టుకుని కిందికి పరుగెత్తింది. మోకాళ్లమీద కూర్చుని రెండు చేతులతో తవ్వింది. మోచేతి లోతు తవ్వినా ఏమీ రాలేదు. ఇంకో జానెడు తవ్వింది. గుంటలోకి మెల్లగా నీళ్లు ఊరాయి, బురదలా, మసగ్గా.

"ఎవరది?" అంది పెన్న.

"నేనే. తిప్పమ్మను."

"ఆయనేమో అనుకున్నా! ఉండు, మొహం చూడనీ."

నీళ్లు కొంచెం కొంచెంగా తేరుకున్నాయి. అద్దంలా అయ్యాయి. తిప్పమ్మ ముంత నింపి ఓబన్నకు తెచ్చి తాగించింది. అతను ముంత దించకుండా తాగాడు.

వానలు మళ్లీ వచ్చాయి. ఓబన్న కాలు అతుక్కుంది, గుహ పూర్తయింది. పెన్న మాత్రం ఆ ఎండాకాలాన్ని మరిచిపోలేదు. వరద వచ్చినప్పుడల్లా దారిలో ఉన్న ప్రతి కొండనూ అడిగి ఇంత రాతిపొడి తెచ్చుకుని పరుచుకుంది.

అప్పటినుంచే పెన్న ఎండాకాలంలో ఇసుక కిందికి వెళ్లిపోతుంది. గుహ చూడవచ్చినవాళ్లు పైనుంచి చూసి, ఏరు ఎండిపోయిందనుకుంటారు. కిందికి దిగి చేత్తో చెలమ తవ్వితే నీళ్లు ఊరతాయి. మొదట మసగ్గానే వస్తాయి. తొందరపడి ముంచకూడదు, కాసేపు ఆగాలి. వచ్చిందెవరో పెన్న చూసుకుంటూ ఉంటుంది.