తాగుడు మానిన ఆటో

కొర్రవలసలో మేడిద వారి ఇంటికి "బుర్రున్న కొంప" అని పేరు. ఆ పేరు ఊళ్ళోవాళ్ళు పెట్టింది కాదు, వాళ్ళకి వాళ్ళే పెట్టుకున్నారు. ఇంటి పెద్ద నూకాలమ్మ అరుగు మీద కూర్చుని వచ్చేపోయేవాళ్ళకి చెప్పేది: "మా పిల్లలకి చెప్పింది చెప్పినట్టు అర్థమవుతుంది. మీ పిల్లలకి చెప్పనిది కూడా అర్థమవుతుంది. అదీ ఓ తెలివేనా?"

ఆవిడ మాటలో అబద్ధం లేదు. పెద్దకొడుకు గవరయ్యతో ఒకసారి శెట్టిగారు "కాస్త కొట్టు చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తా" అని వెళ్ళాడు. దొంగ వచ్చి బెల్లం దిమ్మ ఎత్తుకుపోతుంటే గవరయ్య రెప్ప వెయ్యకుండా చూశాడు. నడిపోడు సింహాలుతో తల్లి "చలేస్తోంది, ఆ తలుపు దగ్గరగా వెయ్యరా" అంది. తలుపు ఊడదీసి తెచ్చి తల్లికి దగ్గరగా వేశాడు. ఇక చిన్నోడు చిట్టెయ్య. వీళ్ళిద్దరికీ సలహాలు చెప్పేది అతనే.

వీళ్ళకో ఆటో ఉంది. దసరా రోజున ఆ ఆటోలో కొండ మీది గరువుపాలెం వెళ్ళి, అక్కడ చెల్లెలు పార్వతాలు ఇంట్లో పండగ భోజనం చేసి, సాయంత్రానికి చెల్లెల్నీ బావనీ తీసుకుని రావాలనుకున్నారు. పార్వతాలుకి ఆరో నెల. ఆ పిల్లొక్కత్తే ఆ ఇంట్లో కాస్త వేరుగా పుట్టింది.

పండక్కి ముందు ఎస్సై సువర్చల గారు పంచాయతీ దగ్గర మీటింగు పెట్టింది. "పండగ రోజులు. తాగి బండి నడపొద్దు. మలుపులో హారన్ కొట్టండి. తాగినవాడి చేతికి తాళం ఇవ్వొద్దు. ఇంటి దగ్గర మీకోసం ఎదురుచూసేవాళ్ళున్నారని మరిచిపోకండి" అని చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టి వెళ్ళిపోయారు. మేడిద వాళ్ళు మాత్రం ప్రతి మాటా నోట్లో తిప్పుకుంటూ ఇంటికొచ్చారు.

అంతే. పండగ పొద్దున్న నూకాలమ్మ పెద్దకొడుకు చేతికి మజ్జిగ గ్లాసు ఇవ్వబోయింది. గవరయ్య పాముని చూసినట్టు వెనక్కి గెంతాడు.

"అమ్మా! తాగి బండి నడపొద్దని మేడం చెప్పలేదా?"

"నిజమే నాయనా, మరిచిపోయాను. పోనీ మంచినీళ్ళు?"

"అవీ తాగేవే కదమ్మా!"

ఇంకేముంది, టీ లేదు, గంజి లేదు. అటుకులూ వేయించిన సెనగలూ తిన్నాడు. నాలుక అట్టముక్కయింది. మాట పలకట్లేదు. చిట్టెయ్య ఆలోచించి అన్నాడు: "అన్నా, తాగొద్దన్నారు గానీ నమలొద్దన్లేదు. నీళ్ళు నోట్లో పోసుకుని బాగా నమిలి మింగు."

గవరయ్య చెంబెడు నీళ్ళు నమిలాడు. దవడలు నొప్పెట్టాయి గానీ ప్రాణం లేచొచ్చింది.

అందరూ ఆటో ఎక్కారు. బయల్దేరి వీధి చివరికొచ్చారో లేదో చిట్టెయ్య "ఆపన్నా!" అని అరిచాడు. "ఇంటి దగ్గర మనకోసం ఎదురుచూసేవాళ్ళున్నారని మేడం అంది. మనమందరం ఇక్కడే ఉన్నాం. మరి ఇంటి దగ్గర ఎవరున్నారు?"

"ఎవరూ లేరు!" నూకాలమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "ఓలమ్మో, అంత పెద్ద ఆఫీసరుని అబద్ధాలకోరుని చేసేస్తామా!"

వెనక్కొచ్చారు. సింహాలుని అరుగు మీద కూర్చోబెట్టారు. "ఎదురుచూడరా" అంది తల్లి.

"ఎటు చూడాలమ్మా?"

"ఎదురు చూడమంటే ఎటేటిరా? ఎదురుగా!"

ఎదురుగా ఉన్నది వరహాలమ్మ ఇల్లు. సింహాలు ఆ ఇంటికేసి చూపు నిలబెట్టాడు. ఆవిడ వాకిలి ఊడుస్తుంటే చూశాడు. పప్పు కడుగుతుంటే చూశాడు. "ఏటిరా ఆ చూపు?" అంటే బదులు చెప్పలేదు, చెబితే చూపు చెదురుతుందని. చీపురు తిరగేసి నాలుగు వడ్డించింది. తింటూ కూడా చూశాడు.

అటు ఆటో కొండ దారి పట్టింది. మొదటి మలుపు వచ్చింది. గవరయ్య ఆటో ఆపాడు. "హారన్ కొట్టరా!" అన్నాడు. చిట్టెయ్య దిగి, కర్ర తీసుకుని హారన్‌ని ఒక్కటిచ్చాడు. ఇంకో మలుపు, ఇంకోటి.

"పాపం, అదేం తప్పు చేసిందిరా?" అంది నూకాలమ్మ.

"మేడం కొట్టమందంటే ఏదో చేసే ఉంటుందమ్మా. ఊరికే అనదు."

గరువుపాలెం చేరేసరికి హారన్ ఊడి చిట్టెయ్య చేతికొచ్చింది. జేబులో వేసుకున్నాడు.

బావ రామకోటి వాకిట్లోకి ఎదురొచ్చాడు. మంచి మనిషే, గానీ పండగంటే పొద్దున్నే కల్లు ముంత ఎత్తడమే అతనికి. అందరూ భోజనాలకి కూర్చునేసరికి మాట ముద్దయింది. కొండ మీద కుండపోతగా వాన పడుతోంది. లోపల రామకోటి ముంతలు ఖాళీ అవుతున్నాయి. వాన వెలిశాక పార్వతాలు సంచి సర్దుకుంది. రామకోటి లేచి నిలబడి గోడని పట్టుకున్నాడు.

"ఆటో నేను తోలుతా. తాగితేనే నాకు చెయ్యి తిరుగుతుంది. తాళం ఇయ్యి బావా!"

పార్వతాలు పరిగెత్తుకొచ్చి అన్న చెయ్యి పట్టుకుంది. ఆమె కళ్ళలో నీళ్ళు. "అన్నయ్యా, పోయినేడు ఈ దిగువలోనే మా పక్కింటోళ్ళ బండి బోల్తా పడింది. నీకు దణ్ణం పెడతా, ఏం చేసినా సరే ఈయన చేతికి తాళం ఇవ్వకు."

"చచ్చినా ఇవ్వనమ్మా!" గవరయ్య ఛాతీ విరుచుకుని వెళ్ళాడు. తాళం తీశాడు. బావ చాచిన చేతిని పక్కకి నెట్టాడు. తాళాన్ని తీసుకెళ్ళి బావ చొక్కా జేబులో వేశాడు.

పార్వతాలు నెత్తి కొట్టుకుంది. "అదేటన్నయ్యా!"

"చేతికి ఇవ్వొద్దన్నావు కదా తల్లీ. చేతికెక్కడిచ్చాను?"

రామకోటి జేబులోంచి తాళం తీసుకుని దర్జాగా ఆటోలో కూర్చున్నాడు. హ్యాండిలు మీద చరిచి అడిగాడు: "బండి మంచిదే. డీజిలు బాగా తాగుతుందా బావా?"

"తెగ తాగుతుంది బావా. పొద్దున్నే ట్యాంకు నిండా తాగించే తెచ్చా!"

ఆ మాట నోట్లోంచి వచ్చిందో లేదో గవరయ్య చేత్తో నోరు మూసుకున్నాడు. చిట్టెయ్య అన్న మొహంలోకి చూశాడు. నూకాలమ్మ కూలబడిపోయింది.

"ఓరి నాయనో! తాగిన బండెక్కి వచ్చామురా! నువ్వు మజ్జిగ చుక్క ముట్టుకోకుండా వస్తే, ఇది పీకల్దాకా తాగి కూర్చుందా?"

"అందుకేనమ్మా దారంతా పొగ కక్కింది" అన్నాడు చిట్టెయ్య.

ఇంతలో రామకోటి "ఆఖరి ముంత ఒకటి వేసుకొస్తా" అని లోపలికెళ్ళాడు. అన్నదమ్ములిద్దరూ ఆటో కిందకి దూరారు. పైపు పీకారు. పెరట్లో ఉన్న డబ్బాలోకి చుక్క మిగలకుండా వంచేశారు.

రామకోటి వచ్చి కూర్చున్నాడు. తాళం తిప్పాడు. దగ్గింది. మళ్ళీ తిప్పాడు. మూలిగింది. ఆ తర్వాత అదీ లేదు.

"ఏమైందిరా దీనికి?"

"మాన్పించేశాం బావా" అన్నాడు గవరయ్య వినయంగా.

"ఏం మాన్పించారు?"

"తాగుడు."

రామకోటి ఆ మాట అర్థం చేసుకోవడానికి చాలాసేపు ప్రయత్నించాడు. ఆ ప్రయత్నంలోనే హ్యాండిలు మీద తల వాల్చి గుర్రు పెట్టాడు. అతన్ని ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టారు. తాళం మళ్ళీ జాగ్రత్తగా అతని జేబులోనే వేశారు. తల్లీ కూతురూ నడుస్తూ, గవరయ్య హ్యాండిలు పట్టుకుని బ్రేకు మీద కాలుంచి, చిట్టెయ్య వెనకనుంచి బలంకొద్దీ లాగి పట్టుకుంటూ ఆటోని దిగువకి దింపసాగారు.

ఏటి దగ్గర చివరి మలుపు వచ్చింది. గవరయ్య ఆటో ఆపేశాడు. "హారన్ కొట్టరా."

చిట్టెయ్య జేబులోంచి హారన్ తీసి చూశాడు. "దీన్ని కొట్టడానికింకేం మిగల్లేదన్నా. చచ్చిపోయింది."

"హారన్ లేకుండా మలుపు ఎలా తిరుగుతాం? పోనీ దాని పని నువ్వు చెయ్యి. ముందు నడు, అరుచుకుంటూ పో."

అంతే, చిట్టెయ్య "పీ! పీప్పీ!" అని గొంతు చించుకుంటూ మలుపు తిరిగాడు. ఒక్కసారిగా అరుపు ఆగిపోయింది.

"అన్నా! రోడ్డు లేదు!"

"లేకపోవడమేటిరా? పొద్దున్న ఉంది కదా?"

"పండగ కదన్నా, సెలవు పెట్టినట్టుంది!"

పార్వతాలు పరిగెత్తి చూసింది. మధ్యాహ్నం వానకి ఏరు పొంగి కల్వర్టుని నమిలేసింది. మలుపు తిరిగీ తిరగ్గానే రోడ్డుకి బదులు ఎర్రనీళ్ళు సుడి తిరుగుతున్నాయి. తాగిన చేతుల్లో ఆటో గనక జోరుగా వచ్చుంటే, మలుపు తిరిగాక ఆపడానికి చోటే లేదు. కడుపు మీద చెయ్యేసుకుని రాయి మీద కూర్చుండిపోయింది.

చిట్టెయ్య అరుపులకి రామకోటి లేచాడు. తూలుతూ వచ్చి ఏటిని చూశాడు. పెళ్ళాన్ని చూశాడు. మత్తంతా అరికాళ్ళలోంచి దిగిపోయింది. తర్వాత మొలలో దోపుకున్న తన మోటారు సైకిలు తాళం తీసి పార్వతాలు ఒళ్ళో పెట్టాడు.

"ఇది నీ దగ్గరుంచు. నేను ముంత ముట్టుకున్న రోజున కాళ్ళు పట్టుకున్నా ఇవ్వకు."

"కాళ్ళకి ఇవ్వొచ్చా చెల్లీ?" అని గవరయ్య సందేహం అడిగాడు.

అప్పుడే ఏటి అవతల జీపు ఆగింది. తెగిన రోడ్డుకి అడ్డంగా ముళ్ళకంపలు వేయించడానికి ఎస్సై సువర్చల గారు వచ్చింది. జీపులో సింహాలు కూడా ఉన్నాడు. వరహాలమ్మ ఫిర్యాదు మీద దారిలో ఎక్కించుకుంది. అతనింకా ఎదురుగానే చూస్తున్నాడు.

నీళ్ళు మోకాలి లోతుకి దిగాక పోలీసులు తాడు కట్టి ఒక్కొక్కరినే దాటించారు. ఎస్సై గారికి వీళ్ళు ఎలా బతికి బయటపడ్డారో తెలియలేదు.

"ఆటో ఎవరు తోలారు? నీళ్ళు నమలకుండా చెప్పు!" అని గవరయ్యని గద్దించింది.

గవరయ్య బిక్కమొహం వేశాడు. "పొద్దుట్నుంచీ అదే పని మేడం. దవడలు పడిపోయాయి. అదీ తప్పేనా?"

ఆవిడ పరీక్ష చేసే గొట్టం తెప్పించి అతని నోటి ముందు పెట్టింది. "ఊదు."

"వేడిగా ఉందా మేడం?"

"ఊదవయ్యా!"

గవరయ్య ఊదాడు. పక్కనే నిలబడి చిట్టెయ్య ఊదాడు. చల్లారదేమోనని నూకాలమ్మ కొంగుతో విసిరింది. గొట్టంలో ఏమీ తేలలేదు. అప్పుడు పార్వతాలు ముందుకొచ్చి తాళం సంగతీ, డీజిలు సంగతీ, హారన్ సంగతీ మొత్తం చెప్పింది. ఎస్సై గారు నవ్వు ఆపుకోలేక జీపుకి ఆనుకుంది. నవ్వీ నవ్వీ ఏటికేసి చూసి గంభీరంగా అయిపోయింది.

"నేను ఊరూరా తిరిగి చెప్పాను. తలూపినవాళ్ళే గానీ పాటించినవాళ్ళు లేరు. మీరు ఎలాగైతేనేం, పాటించారు. మీలాంటివాళ్ళు ఊరికొకరు ఉండాలయ్యా!"

ఇంకేముంది. మేడిద వాళ్ళు ఇంటికెళ్ళి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఊరికొకరు ఉండాలంట" అన్నాడు గవరయ్య.

"మరి మనమందరం ఒకే ఊళ్ళో ఉన్నాం కదా!" అన్నాడు చిట్టెయ్య.

నూకాలమ్మ ఏడుస్తూనే చాపలు పంచింది, కంచాలు పంచింది. "ఊళ్ళేమో బోలెడు, మనమేమో నలుగురం. మిగతా ఊళ్ళ గతేటిరా?" అని బెంగ పెట్టుకుంది. "పార్వతాలు కడుపులో ఉన్నవాడు పుట్టగానే వాడికీ ఓ ఊరు ఇచ్చేద్దామమ్మా" అని సింహాలు ఓదార్చాడు.

మర్నాడు పొద్దున్న పక్క ఊళ్ళో ఎస్సై గారు ముగ్గు వెయ్యడానికి తన ఇంటి తలుపు తీసింది. గుమ్మం ముందు ట్రంకు పెట్టె, దాని మీద చాప, దాని మీద నూకాలమ్మ.

"పిల్లల్ని తలో ఊరికీ పంపేశానమ్మా. మీ ఊరు నా వాటాకొచ్చింది" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "నా పక్క ఏ గదిలో వెయ్యమంటావు?"