తొమ్మిది పిడికిళ్లు

కొమురవ్వ పాటలో తొమ్మిది చోట్ల తాళం తప్పిందని త్రిలోక్ కనిపెట్టాడు. జానపద గీతాల ఆల్బమ్‌కి సౌండ్ ఎడిటింగ్ చేస్తున్నాడతను. మెహరున్నీసా మేడమ్ దగ్గర రెండేళ్లుగా ఆ పని నేర్చుకుంటున్నాడు.

కంప్యూటర్ తెర మీద తాళం లెక్కన నిలువు గీతలుంటాయి. స్నాప్ నొక్కితే పాట ముక్క దగ్గరున్న గీతకు దానంతటదే అతుక్కుంటుంది. త్రిలోక్ తొమ్మిదింటినీ అలా అతికించాడు. పాట ఊపిరాడనట్టు తయారైంది.

తప్పు ముసలామెదే అనుకున్నాడు. ఈమెకు తాళం రాదు, వేరే గాయనితో పాడించండని ఆల్బమ్ నిర్వాహకులకు ఫోన్‌లో చెప్పేశాడు. వాళ్లు సరేనన్నారు. అరవై ఏళ్లుగా ఇంటిల్లిపాదికీ పిండి విసిరిన మనిషికి తాళం రాదని రెండేళ్ల చదువు తేల్చేసింది.

సంగతి విన్న మేడమ్ ముఖం ఎర్రబడింది. కొమురవ్వకు చెప్పావా అని అడిగింది.

"మీరు చెబితే బాగుంటుంది మేడమ్. తన రాయి తీసుకుపోవడానికి వచ్చింది. వరండాలో కూర్చుంది."

అది ఇసుర్రాయి. జొన్నలు విసురుతూ పాడే పాట కదా అని రికార్డింగ్ రోజున కొమురవ్వ ఊరి నుంచి ఆటోలో వేసుకొచ్చింది. చప్పుడు పడుతుందని దాన్ని బయట పెట్టించింది త్రిలోకే. ఆమె ఉత్త చేతిని గాలిలో తిప్పుతూ పాడింది.

మేడమ్ జొన్నలు తెప్పించింది. త్రిలోక్‌ను రాయి ముందు కూర్చోబెట్టి, ఒక చేత్తో తిప్పుతూ, ఒక చేత్తో గింజలు పోస్తూ అదే పాట పాడమంది.

కొమురవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "మొగపిలగానితోని ఇసిరిపిస్తున్నవా అమ్మా? పొద్దున బువ్వన్న తిన్నడో లేదో."

మొదటి వరుస బాగానే వచ్చింది. తర్వాత గింజలు పోశాడు. రాయి బరువెక్కింది. మాట గొంతులోనే ఆగి, రాయి కదిలాక బయటికొచ్చింది. మళ్లీ పోశాడు. మళ్లీ అంతే. నాలుగోసారికి అరచెయ్యి కందిపోయింది.

అతను పాట ఆపేశాడు. పాట మొత్తానికి ఎన్నిసార్లు పోస్తావవ్వా అని అడిగాడు.

"తొమ్మిది పిడికిళ్లు బిడ్డా."

త్రిలోక్ తలదించుకున్నాడు. తర్వాత ఫోన్ తీసి, ఇప్పుడే నిర్వాహకులతో మాట్లాడతానని, ఈమె పాటే ఉంచమంటానని మేడమ్‌తో అన్నాడు.

"వాళ్లకు తర్వాత చెబుదువు," అంది మేడమ్. "ఆమె గురించి ఏమన్నావో, ముందు ఆమె ముఖం చూసి చెప్పు."