గోడవైపు కూర్చున్న నాంచారమ్మ

భద్రయ్య మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు తిట్లు వస్తాయి. తిట్లు అయ్యాక జవాబు వస్తుందనుకునేవాళ్ళు ఆయనకు కొత్తవాళ్ళు. తిట్లు అయ్యాక ఆయన కండువా భుజాన వేసుకుని చెప్పుల్లో కాళ్ళు పెడతారు. అడిగినవాడు వెంట నడవాలి, అక్కడ ఏది జరిగితే దాన్నే జవాబనుకోవాలి. పంతుళ్ళకు పాఠం చెప్పడం నేర్పే మనిషి ఇలా ఉంటే ఎలాగని శిష్యులం మేం చాటున విసుక్కునేవాళ్ళం. ఎదుటే విసుక్కునే ధైర్యం పానకాలు ఒక్కడికే ఉండేది.

ఆ పానకాలు ఏటి అవతలి ఊళ్ళో పెద్దవాళ్ళకు సాయంత్రం బడి మొదలుపెట్టి, వారం తిరక్కుండానే వచ్చి మాస్టారి అరుగు మీద కూలబడ్డాడు. పెద్దవాళ్ళకు చదువు చెప్పాలంటే ముందు వాళ్ళకు దగ్గర కావాలని పట్నంలో శిక్షణ పొంది వచ్చినవాడు. నేర్పినవన్నీ తు.చ. తప్పకుండా చేశాడట. ఒకరి ముఖం ఒకరికి కనబడేలా అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టాడు. తనను పేరు పెట్టి పిలవమన్నాడు. తాతల వయసువాళ్ళు కూడా సిగ్గుపడి "పంతులుగారూ" అనడం మానలేదు. ఆ తర్వాత బంతాట పెట్టాడు. బంతి అందుకున్నవాళ్ళు ఎదురుగా ఉన్న మనిషి పేరు చెప్పి వాళ్ళ మీదికి విసరాలి. అలా పేర్లు తెలుస్తాయి, నవ్వులు పుడతాయి, చనువు కుదురుతుంది. శిక్షణలో కుదిరిందట. ఇక్కడ మాత్రం బంతి నాంచారమ్మ అనే ఆవిడ ఒళ్ళో పడి ఆగిపోయింది. ఆవిడ దాన్ని పక్కన పెట్టి, కొంగు సర్దుకుని, గోడవైపు తిరిగి కూర్చుంది. అప్పటినుంచి రోజూ వస్తోంది, వచ్చి గోడవైపే కూర్చుంటోంది.

ఆవిడ ఎందుకు వస్తోందో ఊరంతా ఎరుగును, మా పానకాలు తప్ప. నిరుడు ఆవిడ కూతురు పట్నం ఆసుపత్రిలో కాన్పుకు చేరింది. కాఫీ తేవడానికి కిందికి దిగిన తల్లి మళ్ళీ పైకి వెళ్ళేసరికి కూతుర్ని ఇంకో గదికి మార్చారు. ఏ తలుపు మీద ఏం రాసుందో తెలియక, అడిగితే ఎవరేమంటారోనని జంకి, పొద్దుగూకేదాకా ఆ మెట్లెక్కుతూ దిగుతూ తిరిగింది. బిడ్డ దక్కలేదన్న మాట ఆ పిల్ల ఒక్కతే మంచం మీద పడుకుని వినాల్సి వచ్చింది. ఇప్పుడు మళ్ళీ నెలలు నిండుతున్నాయి. ఆ తలుపు మీది మాట చదవగలిగితే చాలు దేవుడా అనుకుని వచ్చిన మనిషిని పట్టుకుని పానకాలు, అందరి ముందూ, ఇష్టం లేకపోతే ఇంటికి వెళ్ళమ్మా, బలవంతమేం లేదు అన్నాడు. ఆవిడ వెళ్ళలేదు, ఇటు తిరగనూ లేదు. మిగతావాళ్ళు బెల్లం కొట్టిన రాళ్ళలా కూర్చున్నారు. సగం మంది రావడం మానేశారు కూడా.

"నేను దగ్గరికి వెళ్తుంటే వాళ్ళు దూరం జరుగుతున్నారు మాస్టారూ. పెద్దవాళ్ళకి దగ్గరవడం ఎలాగో మీరైనా చెప్పండి," అన్నాడు పానకాలు. మాస్టారు తిట్టాల్సినవి తిట్టి చెప్పుల్లో కాళ్ళు పెట్టారు. నేనూ వెంట వెళ్ళాను.

బడి ఒక ధాన్యం కొట్టు వసారాలో జరుగుతోంది. పానకాలు మళ్ళీ అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి బంతి బయటికి తీశాడు. వాడు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. మాస్టారు గడప దగ్గర చతికిలబడి మంచినీళ్ళు అడిగారు. నీళ్ళు తెచ్చినావిడను, ఏ ఊరి ఆడపడుచువమ్మా అని పలకరించారు. ఆవిడ పుట్టింటి ఊరు చెప్పగానే, అక్కడి కరణంగారు నస్యం పీల్చి తుమ్మితే ఊరవతలికి వినబడేదని గుర్తు చేశారు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకొకాయన తమ్ముడికి ఆ ఊరి పిల్లనే చేసుకున్నారని తేలింది. తమలపాకులు చేతులు మారాయి. ఎవరు ఎవరికి మేనత్తో, ఎవరు ఎవరికి వేలు విడిచిన మేనమామో తేలుతూ ఉంటే పానకాలు పళ్ళు నూరుతున్నాడు. నాకూ ఒళ్ళు మండుతూనే ఉంది. అక్షరం ముక్క లేకుండా పొద్దు పోతుంటే ఈయన పెళ్ళి సంబంధం చూడడానికి వచ్చినట్టు కూర్చున్నారేమిటి అనుకున్నాను.

"నువ్వు ఎవరి తాలూకు అబ్బాయ్?" అని మాస్టారు ఒక కుర్రవాణ్ణి అడిగారు. అంకబాబు అట అతని పేరు. గోడవైపు తిరిగిన ఆవిడకు సరిగ్గా ఎదుటి చోటు అతనిది. అతను లేచి నిలబడి తల వంచుకున్నాడు. పక్కనున్న పెద్దాయన జవాబిచ్చాడు.

"నాంచారమ్మగారి అల్లుడండీ, ఇల్లరికం. ఏ మాటైనా కూతురి చేత చెప్పించడమే గాని, ఆవిడ అల్లుడి ఎదటపడి ఎరగదండి."

అందరూ పానకాలు చేతిలోని బంతివైపు చూశారు. వాడు దాన్ని ఎక్కడ దాచాలో తెలియక వీపు వెనక పెట్టుకున్నాడు. నాకు వాడి మీద జాలీ, చెప్పలేనంత కోపమూ ఒక్కసారే వచ్చాయి. అల్లుణ్ణి పేరు పెట్టి పిలిచి మీదికి బంతి విసరమని ఒక అత్తగారితో చెప్పినవాడు వీడు.

ఇప్పుడైనా మాస్టారు ఆవిడను ఇటు తిరగమంటారనుకున్నాను. ఆయన ఆవిడతో ఒక్క మాటా అనలేదు. మోకాళ్ళు పట్టుకుని లేచి, నల్లబల్ల ఒక కొస అందుకుని, రెండో కొస పట్టమని పానకాలును కసిరారు. ఇద్దరూ దాన్ని వసారాకు అడ్డంగా మోసుకుపోయి, నాంచారమ్మ చూస్తున్న గోడకే ఆనించారు. గుండ్రం చెదిరిపోయింది. జనం చాపలు దులుపుకుని అటు తిరిగి కూర్చున్నారు. కూర్చున్న చోటు నుంచి కదలకుండానే నాంచారమ్మ ముందు వరసలోకి వచ్చింది. అల్లుడు ఎక్కడో వెనకపడ్డాడు.

 పానకాలు సుద్దముక్క పట్టుకుని నిలబడ్డాడు.

"ఆసుపత్రిలో కాన్పుల గది తలుపు మీద ఎట్టా రాసుంటదో అది రాయండి పంతులుగారూ. మిగతాయి తర్వాత నేర్చుకుంటాను," అంది నాంచారమ్మ.

పానకాలు "ప్రసూతి వార్డు" అని పెద్ద అక్షరాలతో రాశాడు. ఒక్కొక్క అక్షరం వాడు చెబుతుంటే ఆవిడ పలికింది. వెనక నుంచి అంకబాబు గొంతు కూడా కలిసింది. ఆవిడ కొంగు తల మీదికి లాక్కుంది గాని పలకడం ఆపలేదు. 

 తిరుగుదారిలో ఏటి రేవు చేరాక పానకాలు మళ్ళీ మొదలుపెట్టాడు. బల్ల సంగతి బాగానే ఉందట, కాని తాను వాళ్ళకు దగ్గర కావడమన్న ముక్క అలాగే మిగిలిపోయిందట, దానికి ఎన్నాళ్ళు పడుతుందో చెప్పమన్నాడు. మాస్టారు నడక ఆపి వాడి ముఖంలోకి చూశారు.

"అందరి ముందూ పొమ్మన్నా పోలేదు కదరా ఆవిడ. ఇంకా ఎంత దగ్గరికి రావాలి నీకు?"