చీమలు ఎదురుపడితే ఏమడుగుతాయి

ఒకప్పుడు చీమలు బారులు కట్టేవి కావు. ఎదురుపడితే ఆగేవీ కావు. ఎవరి దారి వాళ్ళది, ఎవరి గింజ వాళ్ళది. తీరిక లేక కాదు, ఒకరి సాయం అడగడమంటే వాటికి పెద్ద నామోషీ.

అలాంటి ఒక పుట్టలో నూకాలు అనే చీమ ఉండేది. బలంలో దానికి సాటి లేదు. తనకంటే మూడింతలుండే గింజను ఒక్కతే మోసుకొచ్చేది. తెచ్చినదాన్ని ఊరికే లోపలికి పట్టుకెళ్ళేదా? వాకిట్లో నిలబడి, అందరూ చూసేలా అటూ ఇటూ తిప్పి మరీ పట్టుకెళ్ళేది.

దాని పొరుగున పోలి అనే చిన్న చీమ ఉండేది. పోలికి నూకాలంటే ప్రాణం. పొద్దున లేస్తే అక్కా, అక్కా అంటూ వెనకే తిరిగేది. నూకాలు పైకి విసుక్కునేది గాని, ఆ పిలుపు వినపడకపోతే దానికి ఏమీ తోచేది కాదు. ఆ సంగతి పోలితో ఒక్కసారైనా అనలేదు.

ఒక ఏడు శనగచేను కోతలయ్యాయి. ఎండకు నల్లరేగడి నేల నెర్రెలు విచ్చింది. రాలిన శనగల కోసం చీమలన్నీ చేను మీద పడ్డాయి. మధ్యాహ్నానికి పడమట మబ్బు పట్టింది. నూకాలు ఓ పెద్ద శనగబద్ద నెత్తికెత్తుకుని గబగబా ఇంటిదారి పట్టింది.

దారిలో ఒక నెర్రెలో పోలి కనిపించింది. మోయలేని బద్దను లాగబోయి కాలు జారి పడిందట. ఆ బద్ద వచ్చి దాని వెనకకాలి మీద కూర్చుంది.

"అక్కా, ఓ పక్క కాస్త ఎత్తవూ? కాలు లాక్కుంటాను," అంది పోలి.

నూకాలుకు ఎత్తాలనే ఉంది. కానీ నెత్తిమీదిది దించితే వెనక వచ్చేవాళ్ళు ఎగరేసుకుపోతారు. పైగా ఆ రోజుకు అదే పెద్ద బద్ద, అందరికీ చూపించాలి కదా.

"ఇది ఇంట్లో పడేసి వస్తాను. ఈలోపు నువ్వే ఓ పట్టు పట్టి చూడు," అంది.

"సరే అక్కా," అంది పోలి. మళ్ళీ పిలవలేదు.

నూకాలు ఇల్లు చేరి, ఎప్పట్లాగే వాకిట్లో నిలబడి బద్దను అటూ ఇటూ తిప్పింది. అప్పుడే మొదటి చినుకు దాని వీపు మీద పడింది. బద్దను అక్కడే వదిలేసి పరుగెత్తింది.

నల్లరేగడి సంగతి మీకు తెలుసో లేదో. ఎండకు విచ్చుకుంటుంది, తడిస్తే ఉబ్బి మూసుకుపోతుంది. నూకాలు వెళ్ళేసరికి నెర్రె సగం మూసుకుపోయింది. శనగబద్ద కనిపిస్తోంది, పోలి కనిపించడం లేదు. నూకాలు ఒళ్ళంతా బలం చేసుకుని నెట్టింది. బద్ద కదల్లేదు.

ఎన్నడూ ఎవర్నీ అడగని నూకాలు ఆ వానలో దారిన పోయే ప్రతి చీమకూ అడ్డుపడి బతిమాలింది. ఐదు చీమలు ఆగాయి. ఆరూ కలిసి పట్టేసరికి బద్ద చిటికెలో లేచొచ్చింది. కింద బురద తప్ప ఏమీ లేదు.

"వాకిట్లో నిలబడి అందరికీ చూపించాను," అంది నూకాలు. పక్కనున్న చీమలకు ఆ మాట అర్థం కాలేదు.

వాన వెలిశాక నూకాలు మళ్ళీ గింజలు ఏరలేదు. ఎదురొచ్చిన ప్రతి చీమనూ ఆపి, ముఖంలో ముఖం పెట్టి, మా పోలి కనిపించిందా అని అడిగేది. లేదంటే అంతటితో వదిలేది కాదు. నీకు బరువు ఎక్కువైందా, ఓ పట్టు పట్టనా అని కూడా అడిగేది. మొదట్లో చీమలు విసుక్కున్నాయి. పోను పోను వాటికీ ఆగడం, అడగడం, బరువు పంచుకోవడం అలవాటయ్యాయి. పోలి మాత్రం దొరకలేదు.

అప్పటినుంచే చీమలు బారులు కట్టి నడుస్తాయి, పెద్ద గింజ దొరికితే పది కలిసి మోస్తాయి. ఎంత తొందరలో ఉన్నా సరే, ఎదురొచ్చిన ప్రతి చీమ దగ్గరా ఆగి, ముఖంలో ముఖం పెట్టి ఆ మాట అడిగి గాని ముందుకు కదలవు.